స్కోలియోసిస్ ఆపరేషన్: రాడ్ ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి

12, 13 ఏళ్ల ఆడపిల్లకు జాకెట్టు కుట్టిస్తే ఒకవైపు భుజం జారుతుంది. గౌను అంచు ఒకపక్క పైకి లేస్తుంది. జడ వేస్తూ వెనక నుంచి చూసిన తల్లికి కుడి రెక్క ఎముక ఎడమదానికంటే పొడుచుకొచ్చినట్టు అనిపిస్తుంది. కౌమారంలో వచ్చే స్కోలియోసిస్, అంటే వెన్నెముక వంపు, చాలా ఇళ్లలో బయటపడేది ఇలాగే. నొప్పి ఉండదు, లేదా పట్టించుకోనంత తక్కువగా ఉంటుంది. "సరిగ్గా కూర్చోమంటే వినదు", "ఆ పుస్తకాల సంచి మోసి మోసి వచ్చింది" అని పిల్లను కోప్పడటం మామూలు. ఆ మాటల్లో నిజం లేదు. సంచి బరువు వల్ల గానీ, కూర్చునే తీరు వల్ల గానీ ఈ వంపు రాదు. పిల్ల చేసిన తప్పేమీ లేదన్న సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి.

దీన్ని గూని అనడం కూడా సరికాదు. గూనిలో వెన్ను ముందుకు వంగుతుంది. స్కోలియోసిస్‌లో వెన్నెముక పక్కకు ఒరుగుతుంది, ఒరిగిన చోట పూసలు తమ చుట్టూ తాము మెలి తిరుగుతాయి, ఛాతీ భాగంలో ఉండాల్సిన సహజమైన వెనక వంపు చదునైపోతుంది. వెనక పొడుచుకొచ్చి కనిపించేది పూస కాదు, మెలి తిరిగిన పూస తనతో పాటు తోసుకొచ్చిన పక్కటెముకలు. పిల్లను పాదాలు కలిపి ముందుకు వంగమని వెనక నుంచి చూస్తే ఆ ఎత్తు స్పష్టంగా తెలుస్తుంది. ఆడమ్స్ పరీక్ష అంటే ఇదే. ఈ జబ్బుకు చేసే ఆపరేషన్ కష్టమంతా కూడా ఇక్కడే ఉంది: మూడు దిక్కుల్లో చెడిన ఆకారాన్ని మూడు దిక్కుల్లోనూ సరిచేయాలి, అదీ లోపల వెన్నుపాముకు దెబ్బ తగలకుండా.

ఎవరికి అవసరం, ఎవరికి కాదు

వంపును కొలిచేది కాబ్ కోణంతో. వంపు పై కొసన బాగా వాలిన పూస పై అంచు వెంట ఒక గీత, కింది కొసన బాగా వాలిన పూస కింది అంచు వెంట మరో గీత గీస్తే ఆ రెండింటి మధ్య వచ్చే కోణం ఇది. 10° దాటితే స్కోలియోసిస్ అంటారు. 10 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 2, 3 శాతం మందిలో ఇది ఉంటుంది. వీరిలో చాలామందికి ఏ చికిత్సా అక్కర్లేదు, అప్పుడప్పుడూ ఎక్స్‌రే తీసి చూస్తే చాలు. ఈ కొలతలో సుమారు 5° తేడా సహజం కాబట్టి 32° ఉన్నది ఆర్నెల్ల తర్వాత 35° అని రాగానే "పెరిగిపోయింది" అని బెంబేలెత్తాల్సిన పనిలేదు.

ఇంకా ఎదిగే వయసులో వంపు 25°, 40° మధ్య ఉంటే బ్రేస్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. బ్రేస్ వల్ల లాభం ఉందా లేదా అన్న వాదన చాలాకాలం నడిచింది. 2013లో వెలువడిన బ్రెయిస్ట్ అధ్యయనం దాన్ని తేల్చేసింది. బ్రేస్ వేసుకున్న వారిలో 72 శాతం మందికి వంపు 50° చేరకుండానే ఎదుగుదల పూర్తయింది. వేసుకోని వారిలో అలా జరిగింది 48 శాతం మందికే. రోజుకు 13 గంటలు, అంతకు మించి వేసుకున్నవారిలో ఫలితం 90 శాతం దాటింది. మన ఎండల్లో, ఉక్కపోతలో ఆ ప్లాస్టిక్ తొడుగు వేసుకోవడం పిల్లకు ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అయినా ఆపరేషన్‌ను తప్పించగలదని గట్టిగా రుజువైన దారి ఇదొక్కటే.

వంపు 45°, 50° దాటితే మాట ఆపరేషన్ దాకా వస్తుంది. ఈ హద్దుకు కారణం ఉంది. 30° లోపు వంపులు ఎదుగుదల ఆగాక దాదాపుగా అక్కడే నిలిచిపోతాయి. ఛాతీ భాగంలో 50° దాటినవి మాత్రం పెద్దయ్యాక కూడా సగటున ఏడాదికి 1° చొప్పున పెరుగుతూ పోతాయి. 15 ఏళ్లకు 55° ఉన్న వంపు 40 ఏళ్లు వచ్చేసరికి 80° దరిదాపుల్లో ఉండొచ్చు. ఆ స్థాయిలో ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది, వెన్నెముక బిగుసుకుపోతుంది, అప్పుడు చేసే ఆపరేషన్ పెద్దది, ప్రమాదమూ ఎక్కువ. అంటే ఈ ఆపరేషన్ చేసేది ఇవాళ్టి బాధ తీర్చడానికి కాదు, రాబోయే 30 ఏళ్ల వంపును ఇప్పుడే ఆపడానికి. "చేయించకపోతే కాళ్లు పడిపోతాయి" అని భయపెట్టి ఒప్పించడం తప్పు. కౌమార స్కోలియోసిస్ దానంతట అది పక్షవాతం తేదు.

నిటారుగా చేయడం లక్ష్యం కాదు

తల్లిదండ్రులు మొదట అడిగేది "పూర్తిగా నిటారుగా అవుతుందా?" అని. అడగాల్సిన ప్రశ్న వేరు: "ఎన్ని పూసలను కలిపేస్తున్నారు, కింద ఎక్కడ ఆపుతున్నారు, ఎందుకు?"

ఎందుకంటే స్కోలియోసిస్ ఆపరేషన్ అసలు పేరు ఫ్యూజన్. వంపులోని పూసలను సరిచేసి, లోహపు రాడ్లతో పట్టి ఉంచి, అవన్నీ ఒకే ఎముకగా అతుక్కునేలా చేస్తారు. అతుక్కున్నాక ఆ భాగం కదలదు. ఛాతీ భాగంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు, అక్కడి పూసలు పక్కటెముకల పంజరానికి కట్టుబడి మొదట్నుంచీ తక్కువే కదులుతాయి. నడుము సంగతి వేరు. నడుము పూసలు ఐదింటినీ పై నుంచి కిందికి ఎల్1, ఎల్2 అంటూ ఎల్5 దాకా లెక్కిస్తారు. ఎల్1 కింది నుంచి కటి దాకా ఉన్న ఐదు కీళ్లే వంగడానికి, తిరగడానికి ఆధారం. ఫ్యూజన్ ఎల్1 దగ్గర ఆగితే ఆ ఐదూ మిగులుతాయి. ఎల్3 దగ్గర ఆగితే మూడు. ఎల్4 దాకా వెళ్తే రెండే. ఆ రెండు కీళ్లలోని డిస్క్‌లే (పూసల మధ్య మెత్తలు) మిగతా 60, 70 ఏళ్ల జీవితం మోయాలి. నాలుగు డిగ్రీల అందం కోసం ఒక నడుము డిస్క్‌ను వదులుకోవడం చెడ్డ బేరం. అలాగని మరీ పైన ఆపేస్తే కింది పూసలు తర్వాత వంపులో చేరిపోయి రెండో ఆపరేషన్‌కు దారితీస్తాయి. ఈ రెంటి మధ్య సరైన పూసను ఎంచుకోవడంలోనే సర్జన్ విద్య కనిపిస్తుంది.

వైద్యం ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో పోలియో పిల్లలకు చికిత్స చేస్తూ పాల్ హారింగ్టన్ తొలి లోహపు రాడ్‌ను తయారుచేశాడు. 1962లో దాన్ని ప్రచురించాడు. వంపుకు పైన ఒక కొక్కెం, కింద ఒక కొక్కెం పెట్టి, వాటి మధ్య జాకీతో లేపినట్టు సాగదీసేవారు. పక్క వంపు తగ్గేది. కానీ నడుములో ఉండాల్సిన సహజమైన లోపలి వంపు కూడా సాగిపోయి, నడుం చదునై, ఆ పిల్లలు నడివయసుకు వచ్చేసరికి నిటారుగా నిలబడలేక ముందుకు ఒరిగిపోయేవారు. మెక్సికోలో లూకే ప్రతి పూసకూ తీగ చుట్టాడు. 1980ల మొదట్లో ఫ్రాన్స్‌లో కోట్రెల్, డుబూసే రాడ్‌ను సాగదీయడం బదులు తిప్పడం మొదలుపెట్టారు. 1995లో దక్షిణ కొరియా సర్జన్ సుక్ ఛాతీ పూసల్లోనూ పెడికిల్ స్క్రూలు (పూసలోకి దింపి రాడ్‌ను పట్టించే మరమేకులు) వేసి చూపించాడు. ఇవాళ లోకమంతటా ఎక్కువగా చేసేది ఈ స్క్రూల పద్ధతే.

ఎక్స్‌రే మీద జరిగే ఆపరేషన్

ప్లాను కోసం మెడ నుంచి తుంటి దాకా నిలబెట్టి ముందు నుంచీ, పక్క నుంచీ తీసిన పెద్ద ఎక్స్‌రేలు కావాలి. పడుకోబెట్టి తీసినవి పనికిరావు, బరువు పడనప్పుడు వంపు తక్కువగా కనిపిస్తుంది. తర్వాత పడుకోబెట్టి ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి బాగా వంగమని తీస్తారు. ఏ వంపు బిగుసుకుంది, ఏది కేవలం మొదటి వంపును సర్దుకోవడానికి వచ్చింది అన్నది ఇందులో తేలుతుంది. వంగినప్పుడు 25° కంటే తగ్గిపోయే చిన్న వంపును లెంకే వర్గీకరణ ప్రకారం సర్దుబాటు వంపుగానే లెక్కిస్తారు, మామూలుగా దాన్ని ఫ్యూజన్‌లో కలపరు. 2001లో వచ్చిన ఈ వర్గీకరణలో వంపులు ఆరు రకాలు. నడుముకు ఎ, బి, సి అనే గుర్తులు, పక్క నుంచి కనిపించే వీపు వంపుకు మరో మూడు గుర్తులు జత చేస్తారు.

ఒక మామూలు నమూనా తీసుకుందాం. 14 ఏళ్ల అమ్మాయి, రజస్వల అయి ఏడాదిన్నర. ఛాతీలో కుడివైపు వంపు 58°, వంగితే 34°కి తగ్గుతోంది. నడుములో ఎడమవైపు వంపు 28°, వంగితే 8°. మెడ కింద ఎడమవైపు 24°, వంగితే 16°. ఛాతీ వెనక వంపు 10°లోపే, అంటే వీపు చదునుగా ఉంది. ఇది లెంకే మొదటి రకం. బిగుసుకున్నది ఛాతీ వంపు ఒక్కటే కాబట్టి దాన్ని మాత్రమే కలిపేసి, నడుమును దానంతట అది సర్దుకోనివ్వాలి.

మరి కింద ఎక్కడ ఆపాలి? గోడ కట్టే మేస్త్రి దారానికి గుండు కట్టి వేలాడదీసినట్టు, త్రికాస్థి (నడుము కింద, తుంటి ఎముకల మధ్య ఉండే ఎముక) నడి మధ్య నుంచి ఎక్స్‌రే మీద పైకి నిట్టనిలువు గీత గీస్తారు. ఆ గీత కింది నుంచి పైకి వస్తూ ఆఖరిగా బాగా తాకే పూస ఏదో చూస్తారు. ఈ అమ్మాయికి అది ఎల్1 అనుకుందాం, అయితే అక్కడ ఆపొచ్చు. ఆ గీతకు దూరంగా ఉన్న పూస దగ్గరే ఆపేస్తే, ముఖ్యంగా ఎదుగుదల మిగిలి ఉన్న పిల్లల్లో, కింది పూసలు ఒక్కొక్కటిగా పక్కకు జరిగి వంపు పొడుగవుతుంది.

పై కొసను నిర్ణయించేది భుజాలు. కుడి ఛాతీ వంపులో సాధారణంగా కుడి భుజం ఎత్తుగా ఉంటుంది. వంపు సరిచేస్తే ఎడమ భుజం పైకి లేస్తుంది. ఆపరేషన్‌కు ముందే ఎడమ భుజం ఎత్తుగా ఉంటే మెడ కింది వంపు బిగుసుకుందని అనుమానించాలి, రాడ్‌ను టి2 (పై నుంచి రెండో ఛాతీ పూస) దాకా తీసుకెళ్లాలి. కుడి భుజం ఎత్తుగా ఉంటే టి4 చాలు. ఈ లెక్క తప్పితే ఎక్స్‌రేలో వెన్ను చక్కగా ఉంటుంది, అద్దంలో మాత్రం పిల్లకు ఎడమ భుజం ఎత్తుగా కనిపిస్తూ ఉంటుంది. పిల్ల రోజూ చూసుకునేది అద్దంలోనే.

ఎంఆర్ఐ అందరికీ తప్పనిసరి కాదంటారు, అయినా ఆపరేషన్ ముందు చాలాచోట్ల తీస్తారు. ఛాతీ వంపు ఎడమవైపుకు ఉంటే, పొట్ట మీద గీస్తే కండరం ఒకవైపు కదలకపోతే, వంపు చాలా వేగంగా పెరుగుతుంటే, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే, 10 ఏళ్లలోపే మొదలైతే తీయకుండా ముందుకెళ్లకూడదు. వెన్నుపాములో నీటి తిత్తి ఉన్నా, మెదడు కింది భాగం మెడలోకి జారి ఉన్నా ముందు న్యూరోసర్జన్ చూడాలి.

స్క్రూ వేసే చోటు

మత్తు ఇచ్చాక పిల్లను బోర్లా పడుకోబెడతారు. ఛాతీ, తుంటి మాత్రమే దిండ్ల మీద ఆనాలి, పొట్ట కిందికి వేలాడాలి. పొట్ట నొక్కుకుంటే లోపలి సిరల రక్తం వెన్నెముక చుట్టూ ఉన్న సిరల్లోకి మళ్లి, కోసిన చోటల్లా రక్తం ఊరుతుంది. కళ్ల మీద ఒత్తిడి పడకుండా, చేతులు 90° మించి పైకి లేవకుండా చూడాలి. చిన్న విషయాల్లా కనిపిస్తాయి, ఇవి మరచిపోతే చూపు, చేతి నరాలు దెబ్బతింటాయి.

45 కిలోల పిల్ల ఒంట్లో ఉండే రక్తం దాదాపు 3 లీటర్లు. 900 మి.లీ. పోయిందంటే మూడోవంతుకు దగ్గర. అందుకే కోతకు ముందే రక్తస్రావం తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ మొదలుపెడతారు, కిలోకు 10 నుంచి 50 మి.గ్రా. ఒకేసారి ఇచ్చి తర్వాత సన్నగా ఎక్కిస్తూ ఉంటారు. కారిన రక్తాన్ని కడిగి తిరిగి ఎక్కించే సెల్ సేవర్ యంత్రం ఉంటే బయటి రక్తం అవసరం బాగా తగ్గుతుంది. ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే యాంటీబయోటిక్ సెఫాజోలిన్ కోతకు ముందు గంటలోపు పడాలి, ప్రతి 4 గంటలకూ మళ్లీ ఇవ్వాలి. హడావుడిలో ఎక్కువగా జారిపోయేది ఆ రెండో మోతాదే.

కండరాలను ఎముక నుంచి ఒలిచి, పూసల పక్కకొమ్ముల కొసల దాకా తెరుస్తారు. పై కొసన ఉన్న పూసకు పైనున్న స్నాయువులను, కీళ్లను తాకకూడదు. అవి తెగితే నెలల తర్వాత రాడ్ పై అంచున మెడ ముందుకు వాలుతుంది. కింది కీలు ముక్కలను 5 మి.మీ. మేర కోసి తీయడంతో రెండు పనులవుతాయి: వెన్ను వదులవుతుంది, ఫ్యూజన్‌కు కావాల్సిన పచ్చి ఎముక దొరుకుతుంది. వంపు బిగుసుకుని ఉంటే నడి భాగంలో మూడు నాలుగు చోట్ల కీళ్లను పూర్తిగా, మధ్యనున్న పసుపు స్నాయువుతో సహా తీసేస్తారు. దీన్ని పోంటే కోత అంటారు. ఒక్కో చోట 5 నుంచి 10° దాకా వెసులుబాటు వస్తుంది. అవసరం లేనిచోట చేస్తే రక్తం ఎక్కువ పోతుంది, వెన్నుపాముకు ప్రమాదమూ పెరుగుతుంది.

ఇక పెడికిల్. పూస వెనక భాగాన్ని ముందు దిమ్మెతో కలిపే సన్నని ఎముక గొట్టం ఇది. దీని లోపలి గోడకు అవతల వెన్నుపాము. స్కోలియోసిస్‌లో వెన్నుపాము వంపు లోపలి వైపుకు ఒదిగి ఉంటుంది, సరిగ్గా అక్కడి పెడికిల్స్ మరీ సన్నగా, కొన్నిచోట్ల 2, 3 మి.మీ. వెడల్పుతో ఉంటాయి. కుడి వంపులో ఎడమ స్క్రూల కొసలకు దగ్గరగా బృహద్ధమని ఉంటుంది. తప్పటడుగు వేయడానికి ఎటూ చోటు లేదు.

పక్కకొమ్ము, కీలు కలిసే చోట ఎముక పైపొరను చిన్నగా గీరితే లోపలి మెత్తని ఎముక నుంచి రక్తం ఎర్రగా చెమర్చుతుంది. దారి సరైనదని అదే తొలి గుర్తు. మొన వంగిన మొద్దు సూదిలాంటి ప్రోబ్‌ను, వంపు బయటికి చూసేలా పట్టుకుని, వెన్నుపాముకు దూరంగా 15 నుంచి 20 మి.మీ. దాకా నెమ్మదిగా తోస్తారు. వెన్నుపాము కాలువను దాటేశాక ప్రోబ్‌ను బయటికి తీసి, వంపును లోపలికి తిప్పి, అదే రంధ్రంలో మళ్లీ దింపి 30 నుంచి 40 మి.మీ. వరకు వెళ్తారు. చేతికి ఒకే తీరులో గరగర తగులుతూ ఉండాలి. ఉన్నట్టుండి వెన్నలోకి దిగినట్టు జారితే గోడ దాటినట్టే. తర్వాత కొసన చిన్న గుండు ఉన్న సన్నని తీగను దింపి నాలుగు గోడలను, అడుగును ఒక్కొక్కటిగా తడిమి చూస్తారు. లోపలి గోడలో చిల్లు తగిలితే అక్కడ మైనం పెట్టి దారి మార్చాలి, లేదా ఆ పూసకు స్క్రూ వేయకుండా వదిలేయాలి. వదిలేయడం ఓటమి కాదు. ప్రతి పూసకూ రెండేసి స్క్రూలు ఉండి తీరాలన్న నియమం లేదు. రెండు కొసల్లో, వంపు నడిబొడ్డున గట్టిగా ఉంటే చాలు. స్క్రూకు వేసే మర స్క్రూ కంటే 0.5 నుంచి 1 మి.మీ. సన్నగా ఉండాలి, అప్పుడే ఎముక పట్టు నిలుస్తుంది. ఛాతీలో 4.5 నుంచి 5.5 మి.మీ., నడుములో 5.5 నుంచి 6.5 మి.మీ. లావు స్క్రూలు మామూలు. సీటీ ఆధారంగా దారి చూపే నావిగేషన్, రోబో ఉన్న ఆసుపత్రుల్లో స్క్రూలు దారి తప్పడం తగ్గుతుంది. కానీ ఎక్కడ ఆపాలన్నది ఆ యంత్రాలేవీ చెప్పవు.

రాడ్ తిరిగే నిమిషం

రాడ్ మామూలుగా 5.5 లేదా 6 మి.మీ. లావు. టైటానియం కాస్త మెత్తన, తర్వాత ఎంఆర్ఐ తీస్తే బొమ్మ శుభ్రంగా వస్తుంది. కోబాల్ట్ క్రోమ్ బిరుసు, వంచిన ఆకారాన్ని పట్టు విడవదు. మన నమూనా అమ్మాయికి వీపు చదును కాబట్టి వంపు లోపలి వైపు రాడ్‌ను కావాల్సిన దానికంటే ఎక్కువగా వంచుతారు, బయటి వైపు దాన్ని తక్కువగా. లోపలి రాడ్ పూసలను వెనక్కి లాగుతుంది, బయటి రాడ్ పొడుచుకొచ్చిన పక్కటెముకలను కిందికి అదుముతుంది.

లోపలి రాడ్‌ను స్క్రూల తలల్లో కూర్చోబెట్టి, మూతలు వదులుగా బిగించి, పట్టకారుతో 90° తిప్పుతారు. అప్పటిదాకా పక్కకు ఉన్న వంపు వెనక్కి తిరుగుతుంది: పక్క ఒంపు వీపుకు కావాల్సిన గుండ్రదనంగా మారుతుంది. తిప్పడం చాలా నెమ్మదిగా సాగాలి. ఒక్కో స్క్రూ తలను చూస్తూ ఉండాలి. ఏదైనా ఒరుగుతుంటే ఎముకను చీల్చుకుని లోపలికి వస్తున్నట్టు. తర్వాత నడిబొడ్డు పూసల స్క్రూలకు పొడవైన గొట్టాలు తగిలించి, వాటిని పట్టుకుని పూసల మెలికను విప్పుతారు. పక్కటెముకల ఎత్తు తగ్గేది ఇక్కడే. ఒకప్పుడు ఇందుకోసం పక్కటెముకలనే ముక్కలుగా కోసేవారు. అది ఊపిరితిత్తుల శక్తిని తగ్గిస్తుందని తెలిశాక బాగా తగ్గించారు.

ఈ పద్ధతిలో వంపు సుమారు 60, 70 శాతం తగ్గుతుంది. 58° ఉన్నది 20° దగ్గరికి వస్తుంది. ఇంకా లాగడానికి చోటున్నా, కింది నడుము వంపు ఎంత సర్దుకోగలదో అంతవరకే లాగాలి. ఛాతీని అతిగా నిటారు చేస్తే నడుము దాన్ని అందుకోలేక మొండెం మొత్తం ఒకపక్కకు ఒరుగుతుంది. అందుకే బిగించే ముందు, మేస్త్రి మూలమట్టం లాంటి టి ఆకారపు లోహపు చట్రాన్ని తుంటి మీద ఆనించి ఎక్స్‌రే తీస్తారు. దాని నిలువు కమ్మీ పైన టి1 పూస మధ్యకు వస్తే తల తుంటి మీద సరిగ్గా నిలిచినట్టు.

సంకేతం పడిపోతే

ఆపరేషన్ పొడుగునా నెత్తి మీది ఎలక్ట్రోడ్ల నుంచి మెదడుకు విద్యుత్ ప్రేరణ ఇచ్చి కాళ్ల కండరాల స్పందన చూస్తారు, కాళ్ల నుంచి మెదడుకు వచ్చే స్పర్శ సంకేతాలనూ చూస్తారు. ఇందుకోసం మత్తు ప్రొపోఫాల్‌తో సిరలోకే నడవాలి. వాయు మత్తు, కండరాలను సడలించే మందు సంకేతాలను మింగేస్తాయి. ప్రేరణ ఇచ్చినప్పుడల్లా దవడ బిగుస్తుంది కాబట్టి పళ్ల మధ్య గుడ్డ పెట్టకపోతే నాలుక తెగుతుంది.

రాడ్ తిప్పిన కొన్ని నిమిషాలకు కాళ్ల సంకేతం సగానికి పడిపోయిందని టెక్నీషియన్ అన్నాడనుకోండి. ఆ క్షణం నుంచి థియేటర్‌లో ఒకే పని ఉండాలి. చేతుల సంకేతం కూడా పడిందా అని మొదట చూస్తారు. రెండూ పడితే కారణం మత్తు, రక్తపోటు, ఒంటి చల్లదనం కావొచ్చు. చేతులవి బాగుండి కాళ్లవే పడితే కారణం వెన్ను దగ్గరే ఉంది. మత్తు డాక్టర్ సగటు రక్తపోటును 85 పైకి తెస్తారు, హిమోగ్లోబిన్ చూస్తారు, వేడి చేస్తారు. సర్జన్ ఆఖరిగా చేసిన పనిని వెనక్కి తీస్తారు: రాడ్ వదులు చేస్తారు, అవసరమైతే తీసేస్తారు, ఆ మధ్య వేసిన స్క్రూలను పరీక్షిస్తారు. అప్పటికీ అనుమానం తీరకపోతే మత్తు తగ్గించి "కాళ్ల వేళ్లు కదుపమ్మా" అని పిల్ల పేరు పెట్టి పిలుస్తారు. 1973లో ఫ్రెంచ్ సర్జన్ స్టాగ్నారా చెప్పిన ఈ పరీక్షకు ఇప్పటికీ విలువ తగ్గలేదు. భాష ముఖ్యం కాబట్టి, ఇంట్లో ఏ భాషలో మాట్లాడతారో ఆ భాషలోనే ముందు రోజు పిల్లకు ఈ సంగతి వివరించి ఉంచాలి.

సంకేతం తిరిగి రాకపోతే వంపును వదిలేసి, కోత మూసి, మరో రోజుకు వాయిదా వేయడమే సరైన నిర్ణయం. కౌమార స్కోలియోసిస్‌లో నరాలు దెబ్బతినే ప్రమాదం 1 శాతం లోపే. అంత తక్కువగా ఉండటానికి కారణం ఇలా వెనక్కి తగ్గడానికి సిద్ధంగా ఉండటమే.

బిగింపు పూర్తయ్యాక పూసల వెనక పైపొరను గీకి, కోసిన ఎముక ముక్కలను, సరిపోకపోతే ఎముకల బ్యాంకు నుంచి తెచ్చిన ఎముకను పరుస్తారు. అలసట పుట్టే వేళ కాబట్టి ఈ పని చకచకా ముగించాలనిపిస్తుంది. ముగించకూడదు. రాడ్ తాత్కాలికం, నిలిచేది అతుక్కున్న ఎముకే. ఎముక అతకనిచోట రాడ్ తీగను అటూ ఇటూ వంచినట్టు అలసి, రెండు మూడేళ్లకు పుటుక్కున విరుగుతుంది.

తర్వాతి రోజులు

మొదటి రెండు రోజులు కాళ్ల కదలికను గంట గంటకూ చూడాలి. నరాల దెబ్బ కొన్నిసార్లు ఆలస్యంగా, రక్తపోటు తగ్గినప్పుడు బయటపడుతుంది. మర్నాడే మంచం దింపి నిలబెడతారు. నాలుగైదు రోజుల్లో ఇంటికి. నిలబడినప్పుడు ఎత్తు 2 నుంచి 4 సెం.మీ. పెరిగినట్టు తేలుతుంది.

బక్కపలచని పిల్లల్లో ఒక సమస్యను ఇంట్లోవాళ్లు ముందే తెలుసుకోవాలి. వెన్ను ఉన్నట్టుండి సాగడంతో చిన్నపేగు మొదటి భాగం రెండు రక్తనాళాల మధ్య నొక్కుకుపోతుంది. వారం తర్వాత ఆకుపచ్చని వాంతులు మొదలవుతాయి. "మందులు పడలేదేమో" అని ఇంట్లోనే ఉంచేస్తే నీరసం, లవణాల లోపంతో పిల్ల ప్రమాదంలో పడుతుంది. ఆకుపచ్చ వాంతి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముక్కు గొట్టంతో కడుపు ఖాళీ చేసి, కింది పేగులోకి ఆహారం ఇస్తే చాలామందికి కోత లేకుండానే తగ్గుతుంది.

ఇన్ఫెక్షన్ రెండు రకాలుగా వస్తుంది. మొదటి వారాల్లో వచ్చేది జ్వరంతో, గాయం కారుతూ వస్తుంది. రెండోది ఏళ్ల తర్వాత, నొప్పితోనో చిన్న పొక్కుతోనో వస్తుంది. చర్మం మీద ఉండే మందకొడి బాక్టీరియానే దీనికి ఎక్కువగా కారణం. అప్పటికి ఎముక అతికి ఉంటే లోహమంతా తీసేస్తే నయమవుతుంది.

మరీ చిన్న వయసులో, తుంటి గుంట మధ్యలోని ఎదిగే మృదులాస్థి ఇంకా మూసుకోకముందే వెనక మాత్రమే ఫ్యూజన్ చేస్తే, పూసల ముందు భాగం పెరుగుతూనే ఉండి వెన్ను మళ్లీ మెలి తిరుగుతుంది. స్క్రూలు పూస ముందు దాకా పట్టడంతో ఇది తగ్గింది కానీ పోలేదు.

ఎదుగుదల మిగిలిన పిల్లలకు ఫ్యూజన్ లేకుండా చేసే టెథరింగ్ గురించి ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. పక్కటెముకల మధ్య నుంచి కెమెరాతో వెళ్లి, వంపు బయటి వైపు పూసలకు స్క్రూలు వేసి, వాటిని గట్టి పాలిస్టర్ తాడుతో కలుపుతారు. తాడు ఒకవైపు ఎదుగుదలను అణచి, రెండోవైపును పెరగనిస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2019 ఆగస్టులో పరిమిత అనుమతి ఇచ్చింది. కదలిక మిగలడం దీని బలం. తాడు తెగడం, వంపు ఎదురు దిక్కుకు తిరగడం, మళ్లీ ఆపరేషన్ అవసరం పడటం దీని బలహీనతలు, ఇవి ఫ్యూజన్ కంటే ఎక్కువ. ఎదుగుదల ఆగిన పిల్లకు ఈ సూత్రం పనిచేయదు.

100° దాటాక వచ్చే పిల్లల దారి వేరు. తల చుట్టూ బిగించిన చట్రానికి బరువు కట్టి, కుర్చీలో, వాకర్‌లో తిరుగుతూనే కొన్ని వారాలు నెమ్మదిగా సాగదీస్తారు. బరువును రోజూ కొద్దికొద్దిగా పెంచుతూ శరీర బరువులో 30 నుంచి 50 శాతం దాకా తీసుకెళ్తారు. ఊపిరి మెరుగవుతుంది, వెన్ను కొంత వదులవుతుంది. "ఆపరేషన్ అంటే పెళ్లి కాదు" అన్న భయంతో 55° దగ్గర ఆగిపోయి 100° దగ్గర వచ్చే కుటుంబాలు ఉన్నాయి. ఆ భయం పిల్లను చాలా పెద్ద ప్రమాదంలోకి నెడుతుంది.

నెల, నెలన్నరలో బడికి, 3 నుంచి 6 నెలల్లో పరుగు, ఆటలకు వెళ్లొచ్చు. ఎల్1 దగ్గర ఆగిన ఫ్యూజన్‌తో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, వంగి ముగ్గు వేయడం, కూచిపూడి అడుగులు వేయడం సాధ్యమే, వంగేది తుంటి దగ్గరా, కింది నడుము దగ్గరా కాబట్టి. పెళ్లికి, గర్భానికి, కాన్పుకు ఈ ఆపరేషన్ అడ్డు కాదు. సిజేరియన్ కోసం నడుములో ఇచ్చే మత్తు సూదిని మాత్రం మామూలుగా ఎల్3, ఎల్4 మధ్య గానీ, దాని కింద గానీ వేస్తారు. రాడ్ ఎల్1 దగ్గర ఆగితే ఆ చోటు ఖాళీగా ఉంటుంది, ఎల్4 దాకా వెళ్తే సూది దిగడం కష్టమవుతుంది. డిశ్చార్జ్ కాగితంలో ఏ పూస నుంచి ఏ పూస దాకా రాడ్ ఉంది, ఏ లోహం అన్నది రాయించి, ఆఖరి ఎక్స్‌రేతో కలిపి బీరువాలో జాగ్రత్త చేయాలి. పదిహేనేళ్ల తర్వాత కాన్పు గదిలో మత్తు డాక్టర్ ముందుగా అడిగేది ఆ కాగితాన్నే.